బందరు రుమాలూ, దొరల మెడగుడ్డా



పందొమ్మిదవ శతాబ్దంలో లిత్రే అనే పండితుడు ఫ్రెంచి భాషకు ఒక మహానిఘంటువు కూర్చాడు. అందులో 'మసులిపతాన్' అని ఒక మాట ఉంది. అది ఊరి పేరుగా గాక ఒక వస్తువు పేరుగా చేరింది. మన దేశంనుంచి వచ్చే సన్నని నూలుబట్ట అని దాని తాత్పర్యం. ఊరి పేరే సరుకు పేరుగా మారడం మన భాషలోనూ ఉన్న లక్షణమే. వెంకటగిరి కట్టుకున్నది అన్నామంటే చీర కట్టుకున్నదని తెలుసు. మచిలీపట్నం పేరు అట్లా పారిసు నగరంలో ఒక గుడ్డకు స్థిరపడింది. పద్దెనిమిదవ శతాబ్దపు వర్తకుల పట్టీలలోనైతే మరింత స్పష్టంగా 'మసులిపటం చేతిరుమాళ్లు' అనే మాటే కనిపిస్తుంది. బందరు అనగానే లడ్డూ, చిలకలపూడి బంగారం తలచుకునే మనం ఈ రుమాలును దాదాపు మరచిపోయాం. దానిని గురించీ, దానికి దగ్గరి బంధువైన మెడగుడ్డను గురించీ నాలుగు మాటలు రాయాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. కాస్త దీర్ఘమైన టపా, ఓపిక పట్టవలసింది.

ముందు మాటల సంగతి. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! రుమాలు పారసీక పదం. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. ముఖం తుడుచుకునే గుడ్డ అని వ్యుత్పత్తి. అదే మాట మన పల్లెలకు వచ్చి ముఖం మీదనుంచి తలమీదకు ఎక్కింది. మా చిన్నతనంలో దివిసీమ రైతులు రుమాలు అంటే తలకు చుట్టుకునే గుడ్డనే అనేవారు. ముక్కు తుడుచుకునేదానికి 'చేతిరుమాలు' అని విశేషణం చేర్చవలసి వచ్చేది. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా విపర్యయం జరిగింది. కర్చీఫు అనే మాటకు మూలం ఫ్రెంచివారి 'కూవ్రెషెఫ్', అంటే తలను కప్పేది. తలగుడ్డ చేతిలోకి దిగి హ్యాండ్‌కర్చీఫు అయింది. ధాత్వర్థం చూస్తే అది 'చేతి తలగుడ్డ'. పదాలకు సిగ్గు ఉండదు కదా! మన నేతవారు దీనిని చౌకం అని కూడా అన్నారు. నాలుగు భుజాలూ సమానంగా ఉండేది అని. సంస్కృత 'చతుష్కం' నుంచి వచ్చిన తద్భవం. నా మట్టుకు నాకు ఈ మాటే సొగసుగా ఉంటుంది.

మన పూర్వులకు విడిగా చేతిరుమాలు అవసరమే రాలేదు. ఉత్తరీయపు కొస ఉంది, పైటచెంగు ఉంది. చెమట తుడిచినా, బిడ్డ మూతి తుడిచినా, చిల్లర ముడివేసినా అదే. జేబు కుట్టిన చొక్కా వచ్చిన తరువాత జేబురుమాలు వచ్చింది.

ఇక బందరు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దానికి చెందిన గ్రీకు నావికుల గ్రంథం 'పెరిప్లస్'లో మసాలియా అనే ప్రాంతం పేరు ఉంది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని అందులో రాశారు. టాలమీ దానినే మైసోలియా అన్నాడు, అతడు చెప్పిన కంటకస్సిల మన ఘంటసాలేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇది పట్టుకుని 'మస్లిన్' అనే మాట కూడా మసులా నుంచే పుట్టిందని మన జిల్లాలో కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. నాకు సమ్మతం కాదు. ఆ మాట ఇరాకులోని మోసుల్ నగరం పేరునుంచి వచ్చిందనే వాదమే బలమైనది. మన ఊరి గొప్పతనానికి అరువు వ్యుత్పత్తులు అక్కరలేదు, సొంత సరుకే కావలసినంత ఉన్నది.

గోలకొండ సుల్తానుల కాలంలో బందరు వారి ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారు వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చి కొట్టు పెట్టారు. 1669లో ఫ్రెంచివారు దిగారు. ఈ ముగ్గురి పేర్లూ నేటికీ ఊళ్లో పేటలుగా మిగిలి ఉన్నాయి. హాలెండువారు 'వలందులు' కనుక వలందపాలెం, ఫ్రాన్సువారు 'పరాసులు' కనుక పరాసుపేట, ఇక ఇంగ్లీషుపాలానికి వివరణ అవసరం లేదు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరుకోటను ఫ్రెంచివారినుంచి పట్టుకోవడంతో ఆ పోటీ ముగిసింది. వీరందరూ ఇంత దూరం వచ్చింది మొదట మిరియాలకోసం. తూర్పు దీవులలో మిరియాలు, లవంగాలు అమ్మేవారు వెండికంటె కోరమాండలపు బట్టలనే ఇష్టపడేవారు. కనుక బట్టలు కొనడానికి ఇక్కడికి రాక తప్పలేదు.

ఆ బట్టల గొప్ప ఎరుపులో ఉంది. దానికి ఆధారం చిరివేరు. ఇసుకనేలల్లో మొలిచే చిన్న మొక్క, దాని వేరు సన్నగా దారంలా ఉంటుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, నిజాంపట్నం వైపు ఇసుక దిబ్బలమీద దొరికే చిరివేరుకు పదిహేడవ శతాబ్దంలో ఎంతో పేరు. ఆ నేలలో గుల్లల సున్నం కలిసి ఉండడంవల్ల ఎరుపు మరింత గాఢంగా దిగేది. 1618 నుంచి 1622 వరకు బందరులో ఇంగ్లీషు కొట్టుకు పెద్దగా ఉన్న విలియం మెథ్వోల్డు ఈ వేరును ప్రత్యేకంగా ప్రస్తావించాడు.

వేరు ఒక్కటే చాలదు. గుడ్డను ఉడకబెట్టి, కరక్కాయ కషాయంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెట్టాలి. నలుపు కావలసినచోట ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిం పూయాలి. ఎరుపు రావలసినచోట పటికనీరు అద్దాలి. అప్పుడు రంగేమీ కనబడదు. పారేనీటిలో జాడించి రంగువేరుతో కాచినప్పుడే పటిక తగిలినచోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. గుడ్డ మీద కనబడకుండా రాసిన అక్షరం కాగులో ఉడికిన తరువాత చదవడానికి వచ్చినట్లు. ఉతికేకొద్దీ రంగు వెలిసిపోవడానికి బదులు నిగ్గుతేలడం ఐరోపావారికి ఆశ్చర్యం. వారి దేశాలలో అద్దిన నూలుబట్టల రంగులు రెండు ఉతుకులకు నిలిచేవి కావు. పాలకొల్లులో అద్దకం చూసిన డానియల్ హావర్ట్ అనే డచ్చి ఉద్యోగి ఆ పని నెమ్మదిని నత్తలతో పోల్చాడు. పాపం, అతడికి ఓడ వెళ్లిపోతుందన్న తొందర. పటికకు ఆ తొందర లేదు.

ఈ బట్టలలో పెద్దవి దుప్పట్లు, తెరలు, పరుపుమీది పలంపూరులు. చిన్నవి రుమాళ్లు. రుమాలును ఒక్కొక్కటిగా నేయరు. ఒకే తానులో వరుసగా ఏడో ఎనిమిదో చదరాలు వచ్చేట్లు అంచుగీతలు వేసి నేస్తారు, కొన్నవారు కావాలంటే కోసుకుంటారు, లేకుంటే తానుగానే వాడుకుంటారు. కనుక వర్తకుల లెక్కలో రుమాలు అనేది ఒక కొలత మాత్రమే. ఆ గుడ్డ ముక్కు తుడవడానికా, తలకు కట్టడానికా, నడుముకు చుట్టడానికా అనేది అమ్మినవాడికి తెలియదు. చీరాల పక్కనున్న వేటపాలెం రుమాళ్లు కూడా 'వెంటపొల్లం' అనే అపభ్రంశంతో ఇంగ్లీషువారి పట్టీలకెక్కాయి. మద్రాసు రేవునుంచి ఓడెక్కినవన్నీ ఎక్కడ నేసినా 'మద్రాసు రుమాళ్లు' అయ్యాయి. తెలుగు మగ్గం చేసినదానికి పేరు మాత్రం రేవుకు దక్కింది.

ఐరోపాలో రుమాలుకు గిరాకీ పెంచినది పొడుం. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో దొరలూ దొరసానులూ నశ్యం పీల్చడం నాగరికతగా భావించారు. తెల్లని లినెన్ గుడ్డమీద పొడుం మరక ఎంత అసహ్యంగా ఉంటుందో నశ్యం అలవాటున్న ఉపాధ్యాయుల పక్కన కూర్చున్నవారికి తెలుసు. పెద్ద పరిమాణమూ, ఎరుపో నీలమో ముదురురంగూ ఉన్న మన రుమాలు మరకను కడుపులో దాచుకునేది. వింత ఏమిటంటే, లండను దుకాణాలలో 'మసులిపటం' అనే పేరుతో ఒక రకం పొడుం కూడా అమ్మేవారు. ముక్కులోకి ఎక్కించేదీ మన ఊరి పేరుతోనే, తుడుచుకునేదీ మన ఊరి పేరుతోనే!

ఈ మోజు అక్కడి నేతగాళ్ల పొట్టకొట్టింది. 1686లో ఫ్రాన్సు అద్దకపు బట్టలను నిషేధించింది, ఆ నిషేధం 1759 వరకూ సాగింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో చట్టం చేసి దిగుమతిని ఆపింది. 1721లో మరో చట్టంతో ధరించడాన్ని కూడా నేరం చేసింది. అయితే లండనుకు తెచ్చి తిరిగి వేరే దేశాలకు ఎగుమతి చేయడానికి అనుమతి ఉంచుకున్నారు. ఈ చిన్న వెసులుబాటును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు మెడ. 1618 నుంచి 1648 వరకు ఐరోపాలో ముప్పైయేళ్ల యుద్ధం జరిగింది. అందులో ఫ్రాన్సు పక్షాన పోరాడిన క్రొయేషియా సైనికులు మెడకు ఒక గుడ్డ ముడివేసుకునేవారు. ఆ జాతి పేరుమీదుగానే ఫ్రెంచివారు దానిని 'క్రవాత్' అన్నారు. పధ్నాలుగో లూయీ ఆస్థానంలో దానికి లేసుకుచ్చులు వచ్చాయి. 1692లో స్టీన్‌కిర్క్ యుద్ధంలో శత్రువు హఠాత్తుగా మీదపడేసరికి ఫ్రెంచి సేనానులు ముడి వేసుకునే వ్యవధి లేక మెలితిప్పి గుండీ రంధ్రంలో దోపుకుని పరుగెత్తారనీ, ఆ కంగారే తరువాత ఒక ఫ్యాషను అయిందనీ కథ. ఇంగ్లండులో మెడగుడ్డలకు భారతదేశపు సన్నని మస్లిన్ బాగా వాడారు. గోలకొండ సీమ మస్లిన్‌కు 'బెత్తీల' అని వర్తకుల వాడుక. అది ముసుగుగుడ్డకు పోర్చుగీసువారు వాడే మాట. 1800 ప్రాంతాల్లో బ్రమ్మెల్ అనే లండను సొగసుకాడు గంజిపెట్టిన మస్లిన్ మెడగుడ్డను మడత చెడకుండా కట్టడం ఒక విద్యగా చేశాడు. నేటి టై రూపానికి కారకుడు జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే న్యూయార్కు దర్జీ. 1920లలో అతడు గుడ్డను ఏటవాలుగా కత్తిరించి మూడు ముక్కలుగా కుట్టే పద్ధతి కనిపెట్టాడు. అందువల్లే టై ముడి విప్పగానే మెలిక తిరగకుండా సాపుగా నిలుస్తుంది.

మా తరం పండితులు టైని సరదాకి 'కంఠకౌపీనం' అనేవారు. అది ఎంత వెటకారమైనా, ఈ ఉక్కపోత సీమలో మెడకు ఉచ్చు బిగించుకోవడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. బందరు జిల్లా కోర్టులో వకీళ్లు కట్టుకునే రెండు తెల్లని పట్టీలు కూడా ఐరోపా పాతకాలపు మెడపట్టీల సంతానమే. ఇక కాన్వెంటు పిల్లల టై సరేసరి. దానికి ముడి విద్య కూడా అవసరం లేదు, లోపల ఎలాస్టిక్కు. నేను పనిచేసిన ఒక బడిలో ఏప్రిల్ నెల ఒంటిపూట బడులలోనూ పిల్లలకు టై తప్పనిసరి చేశారు. పదకొండు గంటలకు ప్రతి టై ఒక చెమట తుడిచే రుమాలుగా మారేది. నాకది భాషాశాస్త్ర ప్రయోగంలా కనిపించేది.

మనకు మెడగుడ్డ లేకపోలేదు. కండువా ఉంది. అది గొంతు బిగించదు, భుజంమీద నిలుస్తుంది. గౌరవం చూపాలంటే దించుతాం, సత్కరించాలంటే కప్పుతాం. గుడివాడ చుట్టుపక్కలే పుట్టిన ఇద్దరు నటులు ఈ రెండింటికీ ఉదాహరణగా తోస్తారు. రామాపురపు అక్కినేని నాగేశ్వరరావుగారు సాంఘిక చిత్రాలలో సూటూ టైతో తెలుగు యువకుడికి ఒక రూపం ఇచ్చారు. నిమ్మకూరు నందమూరి రామారావుగారు 1982లో పార్టీ పెట్టి 1983లో గుడివాడలోనూ గెలిచారు. పసుపు కండువా నాటినుంచీ ఊరూరా వ్యాపించింది. ఇప్పుడు 'ఫలానావారు కండువా కప్పుకున్నారు' అంటే చలివేసి కాదని పసిపిల్లలకూ తెలుసు.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతికి వస్తాను. తిరుగు ఎగుమతికి అనుమతి ఉంచుకున్న రుమాళ్లు, నీలి గుడ్డలు, గళ్ల తానులు లండను, లివర్‌పూల్, నాంత్ రేవులనుంచి ఎక్కడికి వెళ్లాయి? చాలావరకు పశ్చిమ ఆఫ్రికా తీరానికి. అక్కడ వాటిని ఇచ్చి మనుషులను కొన్నారు. తుపాకులు, సారా, ఇనుము, గవ్వలతోపాటు భారతదేశపు నూలుబట్ట బానిస వర్తకంలో ఒక ముఖ్యమైన మారకద్రవ్యం. ఆఫ్రికా వర్తకులు నాసిరకపు అనుకరణలను తిప్పికొట్టేవారు, అసలు హిందూదేశపు గుడ్డే కావాలనేవారు. కనుకనే ఓడలు ఇంత దూరం వచ్చి మన సరుకు మోసుకుపోయాయి.

బందరు పూర్వవైభవం అని వ్యాసాలు రాసేవారు సాధారణంగా ఈ పుటను మడిచి ముందుకు పోతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. నేసినవాడి తప్పు ఏమీ లేదన్నది నిజమే. కుంపిణీ దళారి ముందుగా సొమ్ము ఇచ్చి, ఆ అప్పు తీరేవరకూ మరొకరికి నేయకూడదని కట్టడి చేసేవాడు. పడుగూ పేకా మధ్య కూర్చున్నవాడికి ఆ చౌకం అట్లాంటిక్ ఒడ్డున ఏ బిడ్డ వెల అవుతుందో తెలిసే మార్గం లేదు. కాని తెలిసిన మనం, వైభవం లెక్క చెప్పేటప్పుడు ఆ పద్దు కూడా చదవాలి. లాభం పద్దు చదివి ఖర్చు పద్దు దాచే లెక్క ఎటువంటి లెక్క?

ఆ సముద్రం దాటినవారి తలలమీద కూడా ఇదే రుమాలు కనిపిస్తుంది. 1786లో లూయిసియానా స్పెయిను పాలనలో ఉండేది. అక్కడి గవర్నరు మిరో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు ఆభరణాలతో, ఈకలతో జుట్టు అలంకరించుకోరాదనీ, గుడ్డతో కప్పుకోవాలనీ ఆజ్ఞ చేశాడు. తక్కువవారని గుర్తు తెలియడానికి పెట్టిన నియమం అది. వారు గళ్ల మద్రాసు రుమాళ్లను ఎత్తుగా, అందంగా చుట్టి ఆ గుర్తునే సింగారంగా మార్చారు. మార్టినీక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియా దీవులలో నేటికీ పండుగ దుస్తులలో 'మద్రాస్' తలపాగా ఉంటుంది. ముడి కొసలకు అర్థాలున్నాయట. ఒక కొస పైకి నిలిపితే మనసు ఖాళీ అని, రెండైతే ఒకరికి మాట ఇచ్చినట్లు, మూడైతే పెళ్లయినదని. నాలుగు కొసలు నిలిపితే ఏమిటో చెప్పడానికి పండితుడిగా కొంచెం మొగమాటపడుతున్నాను. పెళ్లయినా అడిగిచూడవచ్చునని! నైజీరియాలోని కలబరి ప్రజలు కూడా మద్రాసు రుమాలు తానులను తరతరాలుగా ఇష్టపడ్డారు. వారి స్త్రీలు ఆ గళ్లలోనుంచి కొన్ని దారాలను బ్లేడుతో కత్తిరించి లాగివేసి కొత్త నమూనా సృష్టిస్తారు. మనం నేసినదానినుంచి తీసివేయడం వారి కళ.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. గ్లాస్గోలో మాంటీత్ అనే మిల్లుదారు పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో ఎర్రగుడ్డమీద తెల్లచుక్కల బందనాలను యంత్రంతో తయారుచేయడం మొదలుపెట్టాడు. బందన అనే మాట మన 'బంధన'మే, ముడివేసి రంగు అద్దే పద్ధతికి పేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది, సుమారు 30,000 మంది చనిపోయారు. ఊరు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. 1869 నాటికి జర్మను రసాయనవేత్తలు చిరివేరు ఎరుపుకు ప్రాణమైన అలిజరిన్‌ను సీసాలో తయారుచేశారు. ఇసుకదిబ్బలలో వేరు తవ్వేవారి పని అక్కడితో ముగిసింది.

ఆ సీసారంగుతోనే మరో రుమాలు వెలసిందనేది విచిత్రం. అదే చీరాల తేలియా రుమాలు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల తొక్కల బూడిదనీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, పడుగునూ పేకనూ రెండింటినీ ముందే ముడులు కట్టి రంగువేసి, మగ్గంమీద ఆ రంగులు కలిసేట్లు నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే ఉంటాయి. నూనె వాసన పోదు, అందుకే ఆ పేరు. తలకు చలువ అని అరబ్బు దేశాలవారు కొనేవారు, మన తీరపు జాలరులు నడుముకూ తలకూ కట్టుకునేవారు. ఆ విద్య చీరాలలో సన్నగిల్లి నల్లగొండ సీమలోని పుట్టపాకలో నిలిచింది. అక్కడి గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన సీమలో రుమాలుకు ఫ్యాషనుతో సంబంధం లేని ఉపయోగాలే ఎక్కువ. గుడివాడ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోనుంచి రుమాలు విసిరితే ఆ సీటు మనది. దస్తావేజు లేదు, సాక్షి లేడు, అయినా ఆ హక్కును అందరూ మన్నిస్తారు. ఇప్పుడు సినిమాపేరుకైనా, పార్టీ టిక్కెట్టుకైనా 'కర్చీఫ్ వేశాడు' అంటున్నారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడడం మరొకటి. గోలకొండ వజ్రాల బేరగాళ్లు చేతులు గుడ్డ కింద దాచి ధర తేల్చుకునే పద్ధతిని పదిహేడవ శతాబ్దంలోనే టావెర్నియే రాశాడు.

ఇంకొక ఉపయోగం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత నేను కళాశాల విద్యార్థిగా తోటివారితో కలిసి దివిసీమకు సహాయానికి వెళ్లాను. పదివేలకు పైగా మనుషులు పోయారు, పశువులకు లెక్కలేదు. అవనిగడ్డ దాటినప్పటినుంచి ప్రతివాడి ముక్కుకూ ఒక రుమాలు కట్టి ఉంది. సాయంత్రానికి అదే రుమాలుతో కళ్లు తుడుచుకునేవాళ్లం. దానిని గురించి ఇంతకంటె రాయలేను.

బందరుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో అద్దకం నేటికీ సాగుతున్నది. టేకుచెక్క అచ్చులు, కరక్కాయ, పటిక, కసిం అన్నీ ఉన్నాయి. ఎరుపుకు చిరివేరు బదులు మంజిష్ఠ, అలిజరిన్ వాడుతున్నారు, కాచేటప్పుడు జాజి ఆకు వేస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు కలంకారీ గుడ్డతో కుట్టిన మాస్కులు బజారులోకి వచ్చాయి. ఒకటి కొని చూశాను. రెండు పొరల గుడ్డ, ఎర్రని లత, నల్లని అంచు. ఎనిమిది ఉతుకులైనా రంగు దిగలేదు.